పడుకోబెట్టిన పొలం

సోమవారం పొద్దున భూముల ఆఫీసు గోడ మీద అంటించిన జాబితాలో తన పొలం నంబరు పక్కన "బీడు" అన్న మాట చూసి కొత్తిమీరక్కకు ముందు నవ్వొచ్చింది. నవ్వు రాక మరేమొస్తుంది? ఎదురుగా నిలబడ్డ మనిషిని చూస్తూ చూస్తూ "ఈవిడ పోయింది" అని రాసినట్టుంది వ్యవహారం. ఆఫీసు క్యాంటీనులో కొత్తిమీర కట్టలు ఇచ్చేసి, గంప చంకన పెట్టుకుని పోతూ పోతూ, నలుగురు గుమిగూడారు కదా అని తనూ తల దూర్చింది. అంతే. వేలు ఆ గీత మీద పెట్టి మళ్ళీ చదివింది. నంబరు తనదే. పేరు తనదే. బీడట!

ఆమె పేరు ఆ జాబితాలో తప్ప ఇంకెక్కడా ఎవరూ వాడరు. కాలవ మీద ఆరు కుటుంబాలవాళ్ళకూ ఆమె కొత్తిమీరక్క. వయసులో పెద్దవాళ్ళు కూడా అలాగే పిలుస్తారు. ఎక్కడ కూర్చుని లేచినా అక్కడ కాసేపు ఆ వాసన ఉంటుందని వాళ్ళాయన ఎగతాళి. ఆయన బస్సు కండక్టరు. పొలం సంగతి ఆయన పట్టించుకోడు, ఆయన డ్యూటీ సంగతి ఈవిడ పట్టించుకోదు. అలా హాయిగా గడిచిపోతోంది కాపురం.

తిన్నగా లోపలికి వెళ్ళింది. గుమాస్తాకు జలుబు. ఒక చేతిలో రుమాలు, ఒక చేతిలో స్కేలు. స్కేలుతో ఫైళ్ళ అంచులు సమానంగా తట్టి దొంతర పెడుతున్నాడు.

"బాబూ, చిన్న పొరపాటు పడింది. ఆ బీడు కొట్టేసి సాగు అని రాయండి, నేను పోతాను."

"అలా అడిగినవాళ్ళకల్లా రాసేస్తే నేనెందుకమ్మా ఇక్కడ? నంబరు చెప్పండి," అన్నాడు ముక్కు తుడుచుకుంటూ. ఫైలు తీశాడు. అందులోంచి రెండు ఫోటోలు బల్ల మీద పెట్టి ఆమె వైపు తిప్పాడు. "మీ పొలమేనా?"

ఆమె పొలమే. కాలవ తలలో, నీళ్ళు వదిలే తూము పక్కనే ఉన్న ఎకరం మడి. నడుం ఎత్తు మొక్కలు, పైన పసుప్పచ్చ పూలు. రెండో ఫోటో కూడా అదే, ఇంకో పంట కాలంలో తీసింది.

"మాదే. చూడండి, ఎంత చక్కగా పూసిందో!"

"పిచ్చి మొక్కలు పూస్తే సాగు అవుతుందా అమ్మా?"

"పిచ్చి మొక్కలేమిటి బాబూ, అది జనుము! నేల అలసిపోతే జనుము చల్లి, పూతకు రాగానే కలియదున్నేస్తాం. మట్టిలో కుళ్ళి ఎరువవుతుంది. నేలను కొన్నాళ్ళు పడుకోబెట్టడమన్నమాట. మీరు ఆదివారం పడుకోరూ?"

"పడుకుంటాను. సోమవారం లేచి వచ్చి సంతకం పెడతాను. మీ పొలం రెండు పంటల కాలం సంతకం పెట్టలేదు."

మాట చమత్కారంగానే అన్నాడు కానీ ఆ తర్వాత చెప్పింది వింటూ ఆమె చంకలో గంప దించేసింది. కొత్త నియమం వచ్చిందట. ఊరు పెరుగుతోంది, ఇళ్ళకు స్థలం కావాలి. ఏ కాలవకైనా తలలో ఉన్న పొలం సాగులో ఉన్నంత కాలం ఆ కాలవ కింద భూమంతా సాగు భూమే, అక్కడ ఇటుక పెట్టడానికి వీల్లేదు. తల పొలం వరసగా రెండు పంటలు బీడు పడిందా, ఇక తూము మూసేస్తారు. కింద ఉన్న భూములన్నీ ఇళ్ళ స్థలాల కిందికి మారిపోతాయి.

"అంటే... నా ఒక్కదాని వల్ల అయిదు కుటుంబాల నీళ్ళు ఆగిపోతాయా?"

"ఇంకా ఆగలేదు. అభ్యంతరం చెప్పుకోవచ్చు. శుక్రవారం సాయంత్రం అయిదు దాకా గడువు. ఈ పొలం బీడు కాదు, ఎరువు కోసం ఆపారు అని అదే కాలవ మీది రైతులు రాసివ్వాలి. రెండు సంతకాలు. ఒక ఇంటికి ఒకటే లెక్క."

"రెండేనా!" కొత్తిమీరక్కకు ప్రాణం లేచొచ్చింది. "అయిదూ తెస్తాను. మీకు చాలంటే చాలు."

గంపలో అడుగున మిగిలిన కట్ట ఒకటి తీసి ఫైళ్ళ పక్కన పెట్టింది. చారులో వేసుకోండి బాబూ, జలుబు విడుస్తుంది అంది. ఆయన వద్దనలేదు, కట్టను కూడా స్కేలుతో ఫైళ్ళ వరసలోకి జరిపాడు.

తిరిగొచ్చేటప్పుడు దారి పొడుగునా ఆమెకు ఒకటే దిగులు. తన పొలం పోతుందన్న దిగులు ఒకటైతే, కాలవ మీద వాళ్ళకు మొహం ఎలా చూపించాలన్నది దానికి రెట్టింపు. పాపం వాళ్ళేం చేశారు? నేలను పడుకోబెట్టింది తను. మధ్యలో నలుగురు ఆపి పలకరిస్తే ఏం మాట్లాడిందో తనకే తెలియదు.

ముందు తోటికోడలి దగ్గరికే వెళ్ళింది. వెళ్ళక ఎక్కడికి పోతుంది? మరిది పొలం పక్కదే. ఆ ఇద్దరు కోడళ్ళూ పద్దెనిమిదేళ్ళుగా ఒకరి చేలో ఒకరు చేబదులు పనిచేసుకుంటున్నారు. ఈవిడ కలుపు రోజున ఆవిడొస్తుంది, ఆవిడ కోత రోజున ఈవిడ వెళుతుంది. కూలీ మనిషిని పెట్టుకున్న పాపాన పోలేదు ఇద్దరూ. అసలు నేలను పడుకోబెట్టమని చెప్పిందే తోటికోడలు. కొత్తిమీరకు వేరుకుళ్ళు పట్టి సాలు సాలంతా వాలిపోతుంటే గట్టు మీద కూర్చుని కళ్ళ నీళ్ళు పెట్టుకుంది కొత్తిమీరక్క. అప్పుడు ఆవిడే భుజం మీద చెయ్యి వేసి, "నేల అలసిపోయిందక్కా. రెండు పంటలు జనుము వేసి వదిలెయ్. వెనక అరెకరం ఉంది కదా, అందులో కొత్తిమీర వేసుకో," అంది. విత్తనాలు కూడా తనే తెచ్చింది.

తోటికోడలు పెరట్లో గోనెపట్టా మీద కూర్చుని బెండ విత్తనాలు ఏరుతోంది. సంగతంతా విని, ఏరడం ఆపలేదు. పుచ్చువి ఇటు, గట్టివి అటు.

"ఎన్ని సంతకాలు కావాలన్నాడు?"

"రెండిళ్ళవి. ముందు నీది పెట్టు, తరవాత ఎవరిది తెచ్చినా సరిపోతుంది."

"మీ మరిది రానీ అక్కా. ఆయన్ని అడక్కుండా నేనెప్పుడైనా పెట్టానా?"

అది నిజం కాదు. ఈ లోకంలో మరిదిని అడిగి తోటికోడలు చేసిన పని ఏదీ లేదు. మంచినీళ్ళు తాగమని కూడా ఆవిడే చెప్పాలి ఆయనకు. కానీ కొత్తిమీరక్క బుర్రకు అది ఎక్కలేదు. పాపం, నీళ్ళు పోతాయనేసరికి పిల్లకు నోట మాట రావడం లేదు, అంతా నా నిర్వాకం అనుకుంది. "నన్ను క్షమించవే, నీ బెండ తోట ఎండనివ్వను," అని ఆవిడ చెయ్యి పట్టుకుంది. తోటికోడలు ఆ చేతిని మెల్లగా విడిపించుకుని, విత్తనాలు చెల్లాచెదురవుతాయక్కా అంది.

మంగళవారం మిగతావాళ్ళ మీద పడింది. పొద్దున్నే వెనక అరెకరంలో కొత్తిమీర పీకి, కాలవలో వేళ్ళు జాడించి, అరటినారతో కట్టలు కట్టింది. మామూలుగా పిడికెడుకు ఒక కట్ట. ఆ రోజు మాత్రం రెండు పిడికెళ్ళు పట్టి కట్టింది. తప్పు చేసినవాళ్ళు వట్టి చేతులతో వెళ్ళకూడదు కదా.

నారు తాత మడి ముందు తగిలింది. ఆయన వంగ నారు, టమాటా నారు పోసి అమ్ముతాడు. నారు పీకి, వందేసి మొక్కలు లెక్కపెట్టి, బొటనవేలితో నొక్కిపట్టి ముడి వేస్తున్నాడు. ఆ ముడి వేయడంలో ఆయన్ని మించినవాడు లేడు.

"తాతా, నా వల్ల పొరపాటు జరిగింది. తిట్టు, పడతాను. తిట్టాక సంతకం పెట్టు."

తాత తిట్టలేదు. అదే విచిత్రం. కట్ట నీళ్ళలో కాస్త ఒరిగితేనే ఇంటిల్లిపాదినీ కడిగిపారేసే మనిషి. "పెట్టేవాణ్ణే అమ్మా. బొటనవేలు వాచింది. కలం పట్టుకోలేకపోతున్నాను."

అంటూనే ఆ వేలితోనే ఇంకో ముడి వేశాడు. కొత్తిమీరక్క ఆ వేలి వైపు చూసింది. తాత కూడా చూసుకున్నాడు.

"నారుకైతే నొప్పి తెలియదమ్మా, కలానికే తెలుస్తుంది."

"సరే, తగ్గాక పెడుదువుగాని. ఈ కట్ట తీసుకో."

"వద్దులే."

"వద్దా? ఎప్పుడూ నేనివ్వకముందే గంపలోంచి లాక్కుంటావుగా?"

"ఇంట్లో ఉంది," అన్నాడు తాత, నారు మీదకు వంగిపోయి.

అక్కణ్ణించి మాస్టారి ఇంటికి. బడినుంచి రిటైరయ్యాక రెండు మళ్ళలో చిక్కుళ్ళు పెట్టుకున్నాడాయన. ఆమె రాసుకొచ్చిన కాగితం చూసి, కలం తీశాడు. హమ్మయ్య అనుకునేలోపు, సంతకం చెయ్యాల్సిన చోట కాకుండా పైనుంచి దిద్దుకుంటూ వచ్చాడు. ఇక్కడ ఒత్తు లేదు. ఈ వాక్యం ఎక్కడ ఆగిందో తెలియడం లేదు. "అర్జీ అంటే ఇలా ఉంటుందా? నీటుగా తిరగరాసుకురా."

అరుగు మీద కూర్చుని తిరగరాసింది. కొత్తిమీర పీకిన వేళ్ళు కదా, కాగితం మీద పచ్చటి మరక పడింది. మరక పడిందని ఇంకోటి రాయించాడు. మూడోది తీసుకెళితే తేదీ పైన వేయాలన్నాడు, కింద వేశావన్నాడు. నాలుగోది రాసేసరికి ఆయన లోపల పడుకున్నారని భార్య వచ్చి చెప్పింది. ఆవిడకు కట్ట ఇవ్వబోతే చెయ్యి చాపింది. ఏదో గుర్తొచ్చినట్టు మళ్ళీ వెనక్కి తీసుకుని కొంగుకు తుడుచుకుంది. మిగిలిన పూలావిడ ఇంటికీ, ఆవులాయన ఇంటికీ తాళాలు వేసి ఉన్నాయి.

మధ్యాహ్నం భోజనాల దగ్గర ఇదంతా చెబితే కండక్టరు పళ్ళెంలోంచి తలెత్తకుండా, "నీ కొత్తిమీర వద్దన్నారంటే లోకం తలకిందులైనట్టే," అని నవ్వబోయాడు. నవ్వు సగంలో ఆగింది. తొందరగా చెయ్యి కడుక్కుని, డ్యూటీ ఉందంటూ వెళ్ళిపోయాడు. డ్యూటీ ఇంకా రెండు గంటలుంది.

బుధవారం ఆమె ఇంకో ఉపాయం పట్టుకుని ఆఫీసుకు వెళ్ళింది. మనుషులు కాకపోతే మట్టి చెబుతుంది కదా అనుకుంది. పారతో ఎకరం మడిలోంచి ఒక పెళ్ళ తవ్వి, తడిగుడ్డలో చుట్టి, గంపలో పెట్టుకుని తీసుకెళ్ళి గుమాస్తా బల్ల మీద విప్పింది. నల్లగా, గుల్లగా, సగం కుళ్ళిన జనుము కాడలతో, మధ్యలో రెండు వానపాములతో.

"అయ్యయ్యో, ఫైళ్ళు!"

"ఫైళ్ళకేం కాదు. చెయ్యి పెట్టి చూడండి. బీడు నేల ఇలా ఉంటుందా? పారకు టంగుమని తగులుతుంది బీడు."

గుమాస్తా ఏమనుకున్నాడో, స్కేలు పక్కన పెట్టి వేలితో పెళ్ళను నొక్కాడు. అది పొడి పొడిగా విడిపోయింది. ఒక వానపాము బల్ల అంచుకు పాకితే కాగితం మీదకు ఎక్కించి జాగ్రత్తగా మళ్ళీ మట్టిలో వేశాడు. మంచివాడే.

"నాకు అర్థమైందమ్మా. కానీ నాకు అర్థమైతే చాలదు. రెండు సంతకాలు కావాలి."

"పెడతారు, కాస్త తటపటాయిస్తున్నారు. నా మీద కోపం వచ్చుంటుంది, నీళ్ళు పోగొట్టానని."

గుమాస్తా ఆమె మొహం కేసి వింతగా చూశాడు. "మీ మీద కోపమెందుకమ్మా? ఫోటోలు పంపింది వాళ్ళే కదా."

"ఎవరు?"

"మీ కాలవవాళ్ళు. ఇన్ని పొలాలు మేమెక్కడ తిరుగుతాం? కాలవ సంఘం పేరున అర్జీ వచ్చింది. మీకు తెలిసే ఉంటుందనుకున్నాను." అన్నాక నాలిక కరుచుకున్నాడు. అప్పటికే ఆమె చెయ్యి చాపింది. ఆయన ఒక్క క్షణం ఆలోచించి, ఫైలు తెరిచి పెట్టి, కిటికీ దగ్గరికి వెళ్ళి అటు తిరిగి చాలాసేపు ముక్కు చీదాడు.

కాగితం చిన్నదే. మా కాలవకు తలలో ఉన్న పొలం ఈ ఏడు నుంచి సాగు ఆపబోతోంది, రెండు పంటలు గడిచాక రుజువుగా ఫోటోలు పంపుతాము, మా భూములను ఇళ్ళ స్థలాలుగా మార్చవలెను. దస్తూరి ముత్యాల్లా ఉంది. ఒత్తులన్నీ ఉన్నాయి, తేదీ పైన వేసి ఉంది. ఆ తేదీ దగ్గర ఆమె కళ్ళు ఆగిపోయాయి. అది తను మొదటిసారి జనుము చల్లడానికి నెల ముందుది. ఎవరూ ఆమెకు ఇంకా సలహా ఇవ్వలేదు. అప్పటికి ఆమెకు నేలను పడుకోబెట్టాలన్న ఆలోచనే లేదు.

కింద అయిదు సంతకాలు. రెండోది తోటికోడలిది. పోల్చుకోవడానికి పేరు చదవక్కర్లేదు. తోటికోడలు కాపురానికి వచ్చినప్పుడు వేలిముద్ర వేసేది. గట్టు మీద కూర్చోబెట్టి, పుల్లతో మట్టిలో రాయించి, పేరు రాయడం నేర్పింది కొత్తిమీరక్కే. కొమ్ము పైనుంచి కిందికి దించాలి. కొత్తిమీరక్కకు చిన్నప్పుడే తప్పుగా వచ్చి, కిందనుంచి పైకి లాగుతుంది. అదే నేర్పింది. ఆ కాగితం మీద కొమ్ము కిందనుంచి పైకి లాగి ఉంది.

ఆమె ఏడవలేదు. ఫైలు మూసి, మట్టిని మళ్ళీ తడిగుడ్డలో చుట్టుకుంది. బల్ల మీద రాలిన పొడిని కూడా అరచేత్తో ఊడ్చి గుడ్డలో వేసుకుంది. వాళ్ళకు క్షమాపణలు చెప్పుకుంటూ తిరిగింది రెండు రోజులు! రెండు పిడికెళ్ళ కట్టలు కట్టి! వాళ్ళంతా లోపల ఏమనుకుని ఉంటారు? సిగ్గుతో చెవులు కాలిపోయాయి ఆమెకు. తప్పు చేసినవాళ్ళు వాళ్ళు, సిగ్గు తనకు.

గురువారం ఆమె ఎవరి గడపా తొక్కలేదు. పొద్దున కండక్టరుకు సెలవు. వాకిట్లో కూర్చుని టికెట్ల సంచీకి తెగిన బకిల్ కుట్టుకుంటున్నాడు. ఆమె వెళ్ళి ఎదురుగా నిలబడింది.

"నీకు తెలుసా?"

ఏమిటని అడగలేదాయన. అడగకపోవడంతోనే తెలిసిపోయింది. సూది సంచీకే గుచ్చి పక్కన పెట్టాడు.

"తమ్ముడు వచ్చి చెప్పాడు, అప్పట్లో. నేను అవుననలేదు, కాదనలేదు."

"నాకు చెప్పలేదేం?"

"చెబితే నువ్వు కాలవంతా రచ్చ చేస్తావు. అటు తమ్ముడు, ఇటు నువ్వు. నేనెటు పోను?"

"టికెట్ లేకుండా ఎక్కినవాణ్ణి నడిరోడ్డు మీద దించేస్తావట కదా, గొప్పగా చెప్పుకుంటావు. ఇంట్లో మాత్రం అందరినీ ఊరికే ఎక్కించుకున్నావు."

"అది కాదే, రోజూ మోకాళ్ళ లోతు బురదలో..."

"నా మోకాళ్ళ గురించి నన్ను అడగాలి. రెండు పంటలు నేను ఆ జనుము చుట్టూ తిరుగుతూ ఇవాళ ఇంత పెరిగింది, రేపు పూస్తుంది అని నీకు చెబుతుంటే, అన్నం తింటూ వింటూ కూర్చున్నావు. ఇంక నాతో మాట్లాడకు."

మధ్యాహ్నం ఆయన తనే అన్నం వడ్డించుకుని, ఆమెకు కూడా వడ్డించి మూత పెట్టాడు. సాయంత్రం దాకా మూత అలాగే ఉంది.

శుక్రవారం తోటికోడలి బెండకోత. పోయిన వారమే అనుకున్న రోజు. ఆ రోజుకు కొత్తిమీరక్క బాకీ. పోయిన నెల తన అరెకరంలో కలుపు తీయడానికి ఆవిడ వచ్చి రోజంతా వంగి పనిచేసింది కాబట్టి, ఈ రోజు ఈవిడ వెళ్ళాలి. తెల్లవారాక కొత్తిమీరక్క ఆయన పాత ఖాకీ చొక్కా తొడుక్కుని, బెండ నూగు గుచ్చకుండా చేతులకు గుడ్డలు చుట్టుకుని, కత్తి తీసుకుని వెళ్ళింది. తోటికోడలు సాలు మొదట్లో నిలబడి ఉంది. ఈవిడను చూసి గంప కింద పెట్టేసింది.

"వస్తావనుకోలేదక్కా."

"వస్తానన్నాను కదా."

గుమాస్తా నుంచి కబురు వచ్చిందో, కండక్టరు తమ్ముడికి చెప్పాడో, ఆవిడకు అంతా తెలిసిపోయింది. మొహంలోనే కనిపిస్తోంది. ఇద్దరూ చెరో సాలు పట్టారు. తొడిమ దగ్గర కత్తి పెట్టి, కాయ వంచి, టక్కున కోసి గంపలో వెయ్యడం. ముదిరినవి విత్తనానికి వదిలెయ్యడం. పద్దెనిమిదేళ్ళ అలవాటు, చేతులు ఒకే వేగంతో నడిచాయి. మూడు సాళ్ళ దాకా ఎవరూ నోరు విప్పలేదు. రోజూ అయితే ఆ మూడు సాళ్ళలో కాలవ మీద ఒక్కరి సంగతి కూడా మిగలదు.

"ఎప్పుడనుకున్నారే?" అంది చివరికి కొత్తిమీరక్క.

"మాస్టారి ఇంట్లో. ఆ నియమం వచ్చిందని ఆయనే పేపర్లో చదివి చెప్పాడు."

"నన్నెందుకు పిలవలేదు?"

"పిలిస్తే నువ్వు వద్దంటావు. నువ్వు వద్దన్నాక కాలవ మీద ఎవడికీ నీ మాట దాటే మొహం లేదక్కా. అందుకే పిలవలేదు."

"ఓహో. నేనంటే అంత గౌరవమన్నమాట!"

"వెటకారం చెయ్యకు."

"ఏం చెయ్యమంటావు మరి? నీకు దండ వెయ్యనా? నా భుజం మీద చెయ్యి వేసి చెప్పావే. నా కళ్ళు తుడిచి చెప్పావు. విత్తనాలు నీ ఒళ్ళో పోసుకుని తెచ్చావు. రెండోసారి కలియదున్నిన రోజు ఆ మట్టి పిడికిట్లోకి తీసుకుని, చూడక్కా ఎంత గుల్లబారిందో అని మురిసిపోయావు."

"నిజంగానే మురిసిపోయాను." తోటికోడలు కత్తి ఆపింది. "ఒట్టక్కా. నేల అలసిపోయిందన్నది అబద్ధం కాదు. నీ పంట కుళ్ళిపోతుంటే నేను చూడలేకపోయాను. మంచి మాటే చెప్పాను."

"ఆ మంచి మాట చెప్పడానికి నెల ముందే సంతకం పెట్టావు."

తోటికోడలు కత్తి మొనతో పైకి చూపించింది. తోట వెనక, కాలవ హద్దు దాటి లేచిన అయిదంతస్తుల మేడ. పొద్దెక్కి చాలాసేపైనా దాని నీడ బెండ సాళ్ళ మీద సగం దాకా పరుచుకునే ఉంది. "పదింటి దాకా ఎండ పడదు నా చేలో. ఆ నీడలో కాయ లావెక్కదు, తెగులు విడవదు. వాళ్ళ మురుగంతా నా గట్టు కిందనుంచే. ఇంకో మేడ వస్తే తాతకు కూడా ఇంతే. నీ పొలం మీద ఇంకా ఏ నీడా పడలేదు. నీకేం తెలుస్తుంది?"

కొత్తిమీరక్క ఆ నీడ వైపు చూసింది. రోజూ చూస్తున్నదే. ఇంత పొడుగుందని ఇవాళే పట్టించుకుంది. ఆ మాటలో నిజం లేకపోలేదు, అందుకే ఇంకా ఒళ్ళు మండింది ఆమెకు. "ఆ కష్టం నాకు చెప్పుకోవాల్సింది. కొట్లాడుకునేవాళ్ళం. నేను ఓడిపోయేదాన్నేమో కూడా. నా పొలాన్ని నా చేతే పడుకోబెట్టించి, పడుకుందని ఫోటో తీస్తారా? నీ మాట విన్నానే నేను! ఎవరి మాటా వినను, నీ మాట విన్నాను."

తోటికోడలు కొంగుతో మొహం తుడుచుకుంది. బెండ నూగు కళ్ళలో పడిందో ఏమో, కళ్ళు ఎర్రబడ్డాయి. మళ్ళీ ఇద్దరూ వంగారు. గంపలు నిండాయి, గట్టు మీద పోసి మళ్ళీ వచ్చారు. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి ఇంకో రెండే సాళ్ళు మిగిలాయి. ఒకటి ఇద్దరూ చెరో కొసనుంచి కోసుకొచ్చి మధ్యలో కలుసుకున్నారు. అక్కడ తోటికోడలు చేతుల గుడ్డలు విప్పింది.

"ఆ కాగితం ఉందా అక్కా? ఇవ్వు. సంతకం పెడతాను."

కొత్తిమీరక్క నిటారుగా నిలబడింది. ఒక్క క్షణం, ఒక్కటంటే ఒక్క క్షణం, ప్రాణం లేచొచ్చినంత పనైంది. చొక్కా జేబులోకి చెయ్యి కూడా పోయింది. నాలుగోసారి రాసిన నీటు కాగితం అక్కడే మడతపెట్టి ఉంది.

"తాత పెడతాడా?" అంది.

తోటికోడలు తల అడ్డంగా ఊపింది.

"మాస్టారు? పూలావిడ? ఆవులాయన?"

"ఎవరూ పెట్టరక్కా. రాత్రి మళ్ళీ అనుకున్నారు. నేనొక్కదాన్నే పెడతాను, ఎవరేమన్నా సరే. ఇవ్వు."

కొత్తిమీరక్క ఆవిడ మొహంలోకి చూస్తూ ఉండిపోయింది. రెండిళ్ళ సంతకాలు కావాలని ఈవిడకు సోమవారమే చెప్పింది తను. ఎన్ని కావాలని అడిగిందీ ఈవిడే. ఒకటే పెడితే తూము మూయడం ఆగదు, స్థలాలు ఆగవు, ఎవరికీ ఏ నష్టమూ లేదు. అక్కకు సంతకం పెట్టానన్న తృప్తి మాత్రం మిగులుతుంది. తోటికోడలు కావాలని అలా లెక్క వేసిందో, లెక్క వేశానని తనకే తెలియదో. ఏదైతేనేం, జేబులోకి పోయిన చెయ్యి ఖాళీగా వెనక్కి వచ్చింది.

"వద్దులే. చేతులు కడుక్కోలేదు, మరకవుతుంది."

"అక్కా..."

"ఇంకో సాలుంది."

"అది వదిలెయ్." తోటికోడలు గబగబా అంది. "ఎప్పుడూ వదిలేస్తాంగా."

వదిలేస్తారు, నిజమే. చేబదులు చేసుకునే ఆడవాళ్ళు ఎవరి చేలోనూ పని పూర్తిగా తీర్చరు. ఆఖర్న ఒక సాలు ఉంచేసి లేస్తారు. మళ్ళీ వస్తాను, ఇంకా నీకు బాకీ ఉన్నాను అని దాని అర్థం. పూర్తిగా తీర్చేసి లేచిందంటే ఆ ఇంటితో మాటలు లేనట్టే. ఇవి ఎవరూ ఎవరికీ నేర్పరు, కాలవ మీద పుట్టిన పిల్లకు కూడా తెలుస్తాయి. పద్దెనిమిదేళ్ళలో ఈ ఇద్దరిలో ఎవరూ ఆఖరి సాలు ముట్టుకోలేదు.

కొత్తిమీరక్క గంప ఖాళీ చేసుకొచ్చి, ఆఖరి సాలు మొదట్లో వంగింది.

"వద్దక్కా. నీ కాళ్ళు పట్టుకుంటాను. అది ఉంచు." తోటికోడలు ఎదురుగా వచ్చి మొక్కలకు అడ్డం నిలబడింది. కొత్తిమీరక్క ఆవిడను తొయ్యలేదు, తిట్టలేదు. ఆవిడ నిలబడ్డ మొక్క వదిలి పక్క మొక్క కోసింది. దాని తర్వాతది కోసింది. కాయ వంచడం, కత్తి పెట్టడం, గంపలో వెయ్యడం. తొందరపడలేదు. చిన్న పిందెలు, విత్తనానికి ఉంచే ముదురు కాయలు కూడా వదల్లేదు. సాలు కొసకు వెళ్ళి, తిరిగి వచ్చి, తోటికోడలు నిలబడ్డ చోటికి చేరి ఆగింది. ఆవిడ ఏడుస్తూ పక్కకు జరిగింది. ఆ మొక్కకు రెండు కాయలున్నాయి. రెండూ కోసింది.

గంప గట్టు మీద గుమ్మరించి, చేతుల గుడ్డలు విప్పి దులిపి మడిచింది. ఆఫీసులో ఇంకా నాలుగు గంటల టైముంది. ఆ నాలుగు గంటల్లో ఎవరూ రారని ఇద్దరికీ తెలుసు.

"లెక్క చూసుకో. నీకు నేను ఇవ్వాల్సిన రోజు ఇంకేమైనా ఉందా?"

తోటికోడలు తల ఊపింది, లేదని.

"నాకూ నువ్వు రానక్కర్లేదు," అంది కొత్తిమీరక్క, కత్తి తీసుకుని గట్టు దిగింది.

తోటికోడలు బెండకాయల కుప్ప పక్కన కూలబడి, అక్క వెళ్ళిన వైపు కాకుండా సాలు వైపు చూసింది. ఈ కొస నుంచి ఆ కొస దాకా వెతికింది. ఒక్క కాయ కూడా మిగల్లేదు.